రాళ్లు నాటకముందే నోరు విప్పాలి

వెంచర్ల పక్కన సేద్యం చేసే చిన్న రైతు తెలుసుకోవాల్సిన సంగతులు

కర్నూలు నుంచి ఏ రోడ్డు పట్టుకొని పోయినా ఇప్పుడు ముందు కనిపించేది చేను కాదు, రాయి. సున్నం కొట్టిన హద్దు రాళ్లు, రంగు జెండాలు, కమాను కట్టిన గేటు, దాని మీద ఒక పూల పేరో దేవుడి పేరో ఉంటుంది. నంద్యాల రోడ్డులో నన్నూరు, ఓర్వకల్లు వైపు, బెంగళూరు రోడ్డులో చిన్నటేకూరు, ఉలిందకొండ వైపు, నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం వైపు ఇదే వరస. కంది, ఆముదం, జొన్న పండిన ఎర్ర నేలలు సెంట్లుగా, గజాలుగా మారిపోతున్నాయి. పొద్దున పట్నానికి పోయి పని చేసుకొని రాత్రికి తిరిగొచ్చే వాళ్ల కోసం ఊరి పక్కన కొత్త ఊరు లేస్తోంది.

ఇల్లు ఎవరికైనా కావాల్సిందే. అప్పు తీర్చుకోవడానికో, ఆడపిల్ల పెళ్లికో, పిల్లల చదువుకో పొలం అమ్ముకునే రైతును తప్పుపట్టే హక్కు కూడా ఎవరికీ లేదు. అయితే ఊళ్లో పది మంది అమ్మితే అమ్మని వాళ్లు ఇరవై మంది ఉంటారు. రెండెకరాలు, మూడెకరాలు పెట్టుకొని వానను నమ్ముకొని సేద్యం చేసే వాళ్లు వీళ్లు. "మన చేను మనం అమ్మలేదు గదా, మనకేమవుతాదిలే" అని వీళ్లు ధీమాగా ఉంటారు. తీరా చూస్తే వెంచర్ వల్ల మొదటి దెబ్బ తగిలేది వీళ్లకే. అడ్డు చెప్పాలని తెలిసే సరికి రాళ్లు నాటడం, ప్లాట్లు రిజిస్టరు కావడం అన్నీ అయిపోతాయి. అమ్మని రైతు ఎప్పుడు మేలుకోవాలి, ఎక్కడ అడగాలి అన్నదే ఈ వారం విషయం.

ఒక్కో ప్రకటనకు ఒక్కో మెట్టు

కర్నూలు చుట్టూ భూమి మాట ఉన్నట్టుండి పెరగలేదు. 2019 డిసెంబరులో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్న మాట వచ్చింది. ఆ చట్టాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు గానీ పెరిగిన ఆశ వెనక్కి పోలేదు. 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం మొదలైంది. 2024 ఆగస్టులో ఓర్వకల్లులో 2,621 ఎకరాల్లో పారిశ్రామిక ప్రాంతానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అదే రోజు కడప జిల్లా కొప్పర్తికి 2,596 ఎకరాలతో ఇంకొకటి ఇచ్చింది. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని శాసనసభ తీర్మానం చేసింది.

వీటిలో ఒక్కొక్కటి జిల్లాకు మంచిదే కావచ్చు. కరువు సీమకు పరిశ్రమ, కోర్టు, విమానం వద్దనేవాళ్లు లేరు. అయితే ప్రతి ప్రకటన వెంట దళారుల మోటారు సైకిళ్లు పల్లెల్లో తిరగడం మొదలవుతుంది. ఫ్యాక్టరీ రావడానికి పదేళ్లు పట్టవచ్చు, దాని పేరు చెప్పి వేసే ప్లాట్లకు పది నెలలు చాలు. అమ్ముడుపోయిన ప్లాట్లలో అందరూ ఇళ్లు కట్టరు. చాలా చోట్ల కొన్నవాళ్లు రేటు పెరిగే దాకా అలాగే వదిలేస్తారు. అటు ఇళ్లూ రావు, ఇటు పంటా ఉండదు. సర్కారు తుమ్మ మొలిచి, అడవి పందులకు చాటవుతుంది.

అమ్మని చేనుకు వచ్చే కష్టాలు

మొదటిది వంక. మెట్ట సేద్యంలో నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో తాతల నాడే కుదిరిపోయి ఉంటుంది. మీది చేను గట్టు తెగితే కింది చేనుకు నీళ్లు, కింది చేను నుంచి వంకకు, వంక నుంచి కుంటకు, కుంట నుంచి చెరువుకు. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉండే వంకను చూసి లేఅవుట్ వేసేవాళ్లు అది ఉత్త పల్లం అనుకుంటారు. మట్టి తోలి చదును చేస్తారు. మొదటి పెద్ద వానకు ఆ నీళ్లన్నీ పక్క చేనులో పడి విత్తనం, పైమట్టి కొట్టుకుపోతాయి. కింద ఉన్న కుంటకేమో నీళ్లే చేరవు.

లెక్క చూడండి. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు. పది ఎకరాల మీద అయిదు సెంటీమీటర్ల వాన పడితే 20 లక్షల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు వందలు. చేనుగా ఉన్నప్పుడు గట్లు నిలబెట్టి, దున్నిన నేల తాగి, మిగిలింది మాత్రమే బయటికి పోయేది. అదే పది ఎకరాల్లో సిమెంటు రోడ్లు, మిద్దెలు వస్తే నేల తాగేది తగ్గిపోతుంది. నీళ్లు ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తాయి. ఆ ట్యాంకర్లు ఎవరి చేనులో పోయాలో ప్లానులో రాసి ఉండదు.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాది సగటు వాన 670 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పడమటి మండలాల్లో అంతకన్నా తక్కువే. ఇంత తక్కువ వాన పడే చోట ప్రతి పదునూ విలువైందే. వంక తప్పిందంటే ఒక పైరు తప్పినట్టే.

రెండోది బండ్ల రస్తా. నక్షాలో చుక్కల గీతగా ఉండే దారి అది. గొర్రు, గుంటక, ఎరువు బండి, ఇప్పుడైతే ట్రాక్టరు, కోత మిషను పోవాల్సింది దాని మీదే. లేఅవుట్ చుట్టూ ప్రహరీ కట్టినప్పుడు ఆ దారి లోపలికి పోతుంది. గేటు దగ్గర కాపలావాడు ఎద్దులను పోనివ్వడు. వెనక ఉన్న రైతుకు చేను ఉంటుంది, చేనుకు పోయే దారి ఉండదు. దారి లేని చేనుకు బయట ధర రాదు. చివరికి అగ్గువకు అదే వెంచర్ వాళ్లకు రాసిచ్చే పరిస్థితి వస్తుంది. అమ్మను అన్న రైతును ఇలా అమ్మేలా చేసిన ఊళ్లు ప్రతి పట్నం చుట్టూ ఉన్నాయి.

మూడోది బోరు. ఇరవై ప్లాట్లకు ఇరవై బోర్లు దిగితే పక్కనున్న వ్యవసాయ బోరు ఏమవుతుందో చెప్పనక్కర లేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా చట్టం ప్రకారం బోరు వేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల ఇంకో బోరు వేయకూడదు. ఈ నిబంధన రైతుకు గుర్తు చేసినంత గట్టిగా ప్లాట్ల వాళ్లకు గుర్తు చేయడం లేదన్నది పల్లెల్లో వినిపించే మాట.

నాలుగోది మురుగు. కాలువ కట్టి ఎక్కడో ఒక చోట వదిలేస్తారు. ఆ ఎక్కడో అన్నది చాలాసార్లు వంకే, లేకుంటే పంట కాలువే. సుంకేసుల దగ్గర మొదలై కర్నూలు నగరం మధ్య నుంచి పోయే కేసీ కాలువను చూస్తే, పట్నం పక్కన పారే నీటికి ఏ గతి పడుతుందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

వీటన్నిటికన్నా ముందు దెబ్బ తినేది కౌలు రైతు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద అతనికి 11 నెలల కార్డు వస్తుంది. పొలం ప్లాట్లయిన రోజున ఆ కార్డుకు పని లేదు. అమ్మిన డబ్బులో వాటా ఉండదు, కాళ్ల కింద నేల ఉండదు. బీళ్లలో గొర్రెలు మేపుకునే వాళ్ల సంగతీ ఇంతే.

ఎకరం ధర, గజం ధర

ఎకరం అంటే 4,840 గజాలు. లేఅవుట్ లో రోడ్లకు సుమారు 30 శాతం పోతుందనుకుందాం. పార్కు వంటి ఖాళీ స్థలం కింద పంచాయతీకి రాసివ్వాల్సింది 10 శాతం. మిగిలేది 2,904 గజాలు. ఉత్త లెక్క కోసం రైతు దగ్గర ఎకరం 50 లక్షలకు కొని, గజం ఆరు వేలకు అమ్మారనుకోండి. చేతికి వచ్చేది కోటీ 74 లక్షలు. ఇందులో రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, అనుమతుల ఫీజులు, కమీషన్లు పోవాలి. నిబంధన ప్రకారం అన్నీ చేస్తే లాభం తగ్గుతుంది. వంక కోసం స్థలం వదిలితే తగ్గుతుంది, రస్తా వదిలితే ఇంకా తగ్గుతుంది. వదలకుంటే ఆ నష్టం పక్క రైతు మీద పడుతుంది.

అంటే గజానికి మిగిలే లాభంలో కొంత అమ్మని రైతు చేను నుంచి తీసుకున్నదే. అతను అడిగేది దయ కాదు, న్యాయమైన బాకీ. వంకా, రస్తా, మురుగు ఖర్చు ప్లాట్లు వేసేవాళ్లే భరించాలి.

నీళ్లకు కాగితం తెలియదు

2009 అక్టోబరు 2వ తేదీని కర్నూలు వాళ్లు మరిచిపోలేరు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి నగరంలో చాలా భాగం మునిగిపోయింది. మిద్దెల మీద రాత్రుళ్లు గడిపిన జనం ఇప్పటికీ ఆ కథ చెబుతారు. అంత పెద్ద వరదకు కారణాలు చాలా ఉన్నాయి. అయితే పల్లంలో ఇల్లు కడితే ఏమవుతుందో ఆ రోజు అందరూ కళ్లారా చూశారు. పల్లం అని తెలిసినా ప్లాటుగా మారుస్తున్నప్పుడు అడ్డు చెప్పడం ఒక్క రైతు బాగు కోసమే కాదు, రేపు ఆ ఇంట్లో ఉండబోయే వాళ్ల బాగు కోసం కూడా.

చెరువుల విషయంలో నిబంధన స్పష్టంగానే ఉంది. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటయితే 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలని 2017 రాష్ట్ర భవన నిబంధనల్లో రాసి ఉంది. చెరువు, కుంట, మేత పోరంబోకు వంటి ఊరుమ్మడి భూములను ఆక్రమించుకున్న వాళ్లకు క్రమబద్ధం చేసి ఇవ్వడం కుదరదని సుప్రీం కోర్టు 2011 జనవరి 28న జగ్పాల్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. ఈ తీర్పు పేరు ప్రతి ఊరి రైతూ గుర్తు పెట్టుకోవాలి. అర్జీలో ఒక్క వాక్యం రాసినా దానికి బరువుంటుంది.

ఒకే రోడ్డు మీద రెండు ఊళ్లు

అడ్డు చెబితే ఆగుతుందా అని చాలామంది అడుగుతారు. ఆగిన ఊళ్లు ఉన్నాయి. మన కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి.

ఉత్తరాన తెలంగాణలో కామారెడ్డి. హైదరాబాదుకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, రైలూ రోడ్డూ ఉన్న పట్నం. 2022 చివర్లో అక్కడి మునిసిపాలిటీకి కొత్త మాస్టర్ ప్లాను ముసాయిదా బయటికొచ్చింది. అందులో అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, లింగాపూర్ వంటి చుట్టుపక్కల ఊళ్ల పంట భూములను పారిశ్రామిక జోనులో చూపించారు, కొన్ని చేలలో నుంచి వంద అడుగుల రోడ్డు గీశారు. ఎకరం, రెండెకరాల రైతులకు తమ భూమి రంగు మారిందన్న సంగతి ఆలస్యంగా తెలిసింది. భూమి ఎవరూ గుంజుకోలేదు గదా అని అధికారులు అన్నారు. కానీ జోను మారితే అమ్ముకోబోయినా ధర రాదు, ఇల్లు కట్టుకోబోయినా అనుమతి రాదు అన్నది రైతుల భయం. 2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. జనవరి 5న రైతులు పెళ్లాం బిడ్డలతో కలెక్టరేటు ముందు బైఠాయించారు. అభ్యంతరాలకు గడువు జనవరి 11. ఆ లోపల రైతులు రాతపూర్వకంగా అర్జీలిచ్చారు, హైకోర్టుకు పోయారు. జనవరి 20న మునిసిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అదే రోజు జగిత్యాలలో కూడా అలాంటి తీర్మానమే అయింది.

ఒక ప్రాణం పోయాక గెలిచిన గెలుపు అది. అలాంటి ధర ఏ ఊరూ కట్టకూడదు. ముసాయిదా వచ్చిన రోజే చూసుకొని ఉంటే అంత దాకా పోయేది కాదు. భూమి మీద బాధ ఎంత ఉన్నా దాన్ని ఒంటరిగా మోయకుండా నలుగురిలో పెట్టాలి. ప్లాను మళ్లీ గీయవచ్చు, మనిషి మళ్లీ రాడు.

దక్షిణాన కర్ణాటకలో దేవనహళ్లి. బెంగళూరు విమానాశ్రయం వచ్చాక ఆ తాలూకా రూపమే మారిపోయింది. అక్కడ ఇళ్ల కోసం కాదు, విమాన పరిశ్రమల కోసం 13 గ్రామాల్లో 1,777 ఎకరాలు తీసుకోవాలని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. రాగి, ద్రాక్ష, కూరగాయలు పండే ఆ నేల ఇవ్వమని రైతులు మూడేళ్లకు పైగా దీక్ష చేశారు. 2025 జూలై 15న ఆ సేకరణ వదులుకుంటున్నట్టు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు. ఇష్టపడి ఇచ్చే రైతుల భూమి మాత్రం తీసుకుంటామన్నారు. అమ్మాలనుకున్న వాడికి అమ్మే దారి, వద్దనుకున్న వాడికి ఉంచుకునే దారి రెండూ ఉండాలన్న మాట అక్కడ నిలబడింది.

రెండు చోట్లా ఒక సంగతి గమనించాలి. కామారెడ్డిలో ప్లాను ముసాయిదాగా ఉండగానే అడిగారు. దేవనహళ్లిలో సేకరణ పూర్తి కాకముందే అడిగారు. కాగితం తడిగా ఉన్నప్పుడే గీత చెరుగుతుంది.

అయిపోయాక అడిగితే ఎందుకు కాదు

మన దగ్గర అనుమతి లేని లేఅవుట్లు కొత్త కాదు. వాటిని డబ్బు కట్టించుకొని క్రమబద్ధం చేసే పథకాలూ కొత్త కాదు. 2007 చివర్లో ఒకసారి ఉత్తర్వు వచ్చింది, 2020లో ఇంకొకటి, 2025లో మరొకటి. ప్లాటు కొన్న పేదవాడికి అది మేలే. అయితే పక్క రైతుకు అర్థం కావాల్సింది ఒకటుంది. ఈ రోజు అక్రమం అని బోర్డు పెట్టిన వెంచర్ నాలుగేళ్లకు సక్రమం అయిపోవచ్చు. అక్రమమే గదా, ఎప్పుడో ఒకప్పుడు పడగొడతారులే అని ఎదురుచూస్తే వంకా పోతుంది, వయసూ పోతుంది.

భూమి మార్పిడి విషయంలో కూడా దారి మారింది. 2006 చట్టం ప్రకారం వ్యవసాయ భూమిని వేరే పనికి వాడాలంటే ముందు ఆర్డీవో దగ్గర పన్ను కట్టి మార్పిడి చేయించుకోవాలి. దీన్నే పల్లెల్లో నాలా అంటారు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఈ చట్టాన్ని తీసేసి, లేఅవుట్ అనుమతి దగ్గరే చార్జీ కట్టించుకునే పద్ధతికి మారింది. అంటే ఇదివరకు రెవెన్యూ ఆఫీసులో ఒకసారి, ప్లానింగ్ ఆఫీసులో ఒకసారి అని రెండు చోట్ల అడిగే వీలుండేది. ఇప్పుడు చూపు అంతా లేఅవుట్ అనుమతి మీదే పెట్టాలి.

రైతులు చేయాల్సిన పనులు

1. నక్షా చేతిలో పెట్టుకోండి. ఊరి నక్షా, మీ సర్వే నంబరుతో పాటు పక్క సర్వే నంబర్ల ఎఫ్ఎంబీ నకళ్లు తీసుకోండి. వంక, కుంట, బండ్ల రస్తా అందులో ఎక్కడ ఉన్నాయో చూడండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ ఊళ్లో అయిపోయి ఉంటే పాత నక్షాతో కొత్తదాన్ని పోల్చండి. పాతదాంట్లో ఉన్న రస్తా కొత్తదాంట్లో లేకుంటే వెంటనే తహసీల్దారుకు రాసివ్వండి.

2. ఫొటోలు తీయండి. వాన పడ్డప్పుడు వంక పారుతుండగా, రస్తాలో బండి పోతుండగా ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఎండాకాలంలో ఇక్కడ వంకే లేదు అనే వాళ్లకు అదే జవాబు.

3. పంచాయతీలో అడగండి. ఊళ్లో లేఅవుట్ దరఖాస్తు ఏదైనా వచ్చిందా అని కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి. చెప్పకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు, ప్లాను నకలు, పంచాయతీ తీర్మానం నకలు మూడూ అడగండి.

4. గ్రామసభలో నమోదు చేయించండి. నోటితో అరిచి వస్తే లాభం లేదు. "వంకా, రస్తా, కుంట విడిచిపెట్టకుండా ఏ లేఅవుట్ కూ పంచాయతీ ఒప్పుకోరాదు" అని తీర్మానం రాయించి, పుస్తకంలో ఎక్కిందో లేదో చూసి సంతకాలు పెట్టండి. ఓర్వకల్లు వంటి మండలాల్లో పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు గట్టిగా ఉన్నారు. వాళ్లు వచ్చి కూర్చుంటే గ్రామసభ తీరే వేరుగా ఉంటుంది.

5. మాస్టర్ ప్లాను ముసాయిదా కోసం కాచుకోండి. కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోని ఊళ్లవాళ్లు, అలాగే మునిసిపాలిటీల పక్కన ఉన్నవాళ్లు ఏ ముసాయిదా, ఏ జోను మార్పు నోటీసు వచ్చినా వదలకూడదు. నోటీసులో అభ్యంతరాలకు గడువు ఉంటుంది. ఊరంతా కలిసి ఒక్క అర్జీ ఇవ్వడంతో ఆగకుండా, సర్వే నంబరు వేసి ఎవరికి వాళ్లు ఇవ్వండి. ఇచ్చిన దానికి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

6. రస్తా మూసేస్తే ఆలస్యం చేయొద్దు. 1882 నాటి సౌకర్య హక్కుల చట్టం ఒకటుంది. ఒక దారిని గానీ, నీటి పారుదలను గానీ 20 ఏళ్లు అడ్డు లేకుండా హక్కుగా వాడుకుంటే దాన్ని కొనసాగించమని కోర్టును అడగవచ్చు. అయితే అడ్డు పడ్డాక రెండేళ్లు దాటకముందే దావా వేయాలి. పెద్ద మనుషుల పంచాయితీ పేరుతో మూడేళ్లు తిప్పితే హక్కు చల్లారిపోతుంది. కోర్టు ఖర్చుకు భయపడేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి పోవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఆదాయం తక్కువ ఉన్న మిగతావాళ్లకూ ఇస్తారు.

7. రెరా నంబరు అడగండి. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ప్లాట్లు వేసి అమ్మాలంటే రెరాలో రిజిస్టరు చేయాలి. ఆ నంబరు లేకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. తప్పితే ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా జరిమానా ఉంది. కరపత్రం దొరికితే దాచుకోండి, అదే సాక్ష్యం.

8. సోమవారం కలెక్టరేటు. అర్జీలు తీసుకునే రోజున నలుగురు కలిసి పోండి. అర్జీతో పాటు నక్షా నకలు, ఫొటో, గ్రామసభ తీర్మానం జతచేయండి. కోపం కన్నా కాగితం ఎక్కువ మాట్లాడుతుంది.

ఊరు రెండుగా చీలకూడదు

ఇందులో అన్నిటికన్నా కష్టమైంది ఆఫీసు కాదు, ఊరే. అమ్మాలనుకున్న వాడు, అమ్మనన్న వాడు పక్క పక్క ఇళ్లలోనే ఉంటారు. "వీడు అడ్డం పడుతున్నాడు, నాకొచ్చే రేటు పోతాది" అని అన్నదమ్ముల మధ్యే మాటలు ఆగిపోతాయి. దళారికి కావాల్సింది కూడా అదే. అందుకని మొదటి రోజే ఊరందరూ ఒక మాట అనుకోవాలి. అమ్మకాన్ని ఆపము, వంకను మూయనివ్వము. ధర నీ ఇష్టం, దారి అందరిదీ. అమ్మే రైతు కూడా తన అగ్రిమెంటులో రస్తా ఇంత వెడల్పు, వంక ఇంత వెడల్పు వదలాలి అని రాయించవచ్చు. అందువల్ల అతనికి పైసా తగ్గదు. పక్కవాడి చేను బతుకుతుంది.

అమ్మే వాళ్లకు ఇంకో మాట. అడ్వాన్సు తీసుకొని జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వకండి. పూర్తి డబ్బు చేతికి రాకముందే పొలంలో రాళ్లు నాటనివ్వకండి. రేటు పడిపోతే కొనేవాడు మాయమవుతాడు. రాళ్లు నాటి, గట్లు చెరిపిన పొలాన్ని మళ్లీ చేనుగా చేసుకోవడానికి ఎన్ని కార్తెలు పడుతుందో రైతుకు తెలుసు. భూమి 22-ఎ నిషేధ జాబితాలో ఉందేమో కూడా ముందే చూసుకోవాలి.

ఇళ్లు కట్టడానికి చోటే లేదా అంటే ఉంది. ఇప్పటికే వేసి, ఇల్లు రాకుండా తుమ్మ మొలిచిన లేఅవుట్లు ఉన్నాయి. ముందు అవి నిండనివ్వండి అని అడగడం అభివృద్ధికి అడ్డం పడటం కాదు. పంచాయతీ దగ్గర, కలెక్టరు దగ్గర ఈ మాట గట్టిగా చెప్పవచ్చు. మన ఊళ్లో వేసిన ప్లాట్లు ఎన్ని, అందులో ఇళ్లు ఎన్ని అని ఒక కాగితం మీద లెక్క రాసి పట్టుకుపోతే ఆ మాటకు ఎవరూ అడ్డం చెప్పలేరు. ఆ లెక్క తీయడానికి ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఒక ఆదివారం చాలు.

ముంగారు వానలకు ముందు ప్రతి రైతూ గట్లు చూసుకుంటాడు, తెగిన చోట మట్టి వేసుకుంటాడు. ఇకమీదట ఆ పనితో పాటు ఊరి నక్షా కూడా ఒకసారి విప్పి చూసుకోవాలి. వంక ఎక్కడుంది, రస్తా ఎక్కడుంది, పక్క సర్వే నంబరు ఎవరి పేరు మీదికి మారింది అని చూడాలి. పేరు మారితే అదే రోజు పంచాయతీ ఆఫీసుకు పోయి అడగాలి. గట్టు తెగకముందే మట్టి వేస్తే తట్టెడు చాలు, తెగినాక బండెడు వేసినా నిలబడదు.